టర్కీ పుంజుకో కోడ్

పోయిన అక్టోబరులో అన్యాయం జరిగింది వెల్డా ఫ్రీసెన్‌కి. టర్కీ కోళ్ల ఫారంలో పనిచేస్తుండగా పుంజు ఎగిరి తన్నింది, పడి మణికట్టు విరిగింది. బిల్లు కట్టాల్సిన బీమా కంపెనీ "ఇంట్లో జారిపడి ఉంటుంది" అని చేతులు దులుపుకుంది. ఆ అన్యాయాన్ని తానొక్కడే ఎలా సరిదిద్దాడో డెల్బర్ట్ హాస్కిన్స్ ఇవాళ లొరెట్టా హోటల్లో, వెల్డా ఎదురుగానే, రెండు చేతులూ ఊపుతూ చెబుతున్నాడు.

"మన కౌంటీ ఆసుపత్రిలో నా పనేమిటి? బీమా బిల్లు మీద దెబ్బకో కోడ్ నంబరు, అది ఎలా తగిలిందో దానికింకో కోడ్ వెయ్యడం. వెల్డా కాగితం చూస్తే ఎవడో 'పడింది' అని రాసి ఊరుకున్నాడు. ఛీ! ఎవరు పడేశారు? టర్కీ కోడ్ తీసి కొట్టాను!"

"టర్కీకి కూడా ఉందా?" పక్క బల్ల దగ్గర మెర్ల్ నోట్లో చెర్రీల తీపిరొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఉందా అంటావేమిటయ్యా, పొడిస్తే వేరు, తంతే వేరు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొట్టంలో జరిగిందని ఒక కోడ్, జీతం పనిలో జరిగిందని ఇంకో కోడ్. కంప్యూటరు ఎంత వేడెక్కిందంటే దానిమీద లొరెట్టా గుడ్లు వేయించుకోవచ్చు. అంతటితో ఆగానా? ఏ కాలితో తన్నిందో దానికీ కోడ్ కావాలన్నాను. లేదన్నారు. వాషింగ్టన్‌కి ఫోన్ కొట్టాను. పెద్ద పెద్ద డాక్టర్లు లేచి నిలబడి విన్నారు. మర్నాటికల్లా కోడ్ పుట్టింది, ఎడమకాలి టర్కీ!"

"అమ్మబాబోయ్!"

"ఇంకా విను. నేను మీట నొక్కానో లేదో, ఫారంలో అన్ని వేల పుంజుల్లోంచి ఆ ఒక్కటీ బయటికొచ్చి, ఎడమకాలెత్తి, తలొంచుకు నిలబడిందట! షెరీఫ్ టోపీ తీసేశాడు. కంపెనీవాడు ఏడుస్తూ చెక్కు రాశాడు. ఇంటింటా టర్కీ కోసే ఈ థాంక్స్‌గివింగ్ పండక్కి ఒక్క టర్కీ కూడా కత్తికి ఎదురు తిరగలేదంటే ఎవరి పుణ్యం?"

హోటలంతా గుడ్లప్పగించింది. లొరెట్టా పోస్తున్న కాఫీ కప్పు దాటి సాసరులోకి పొంగింది.

వెల్డా ఎడంచేత్తో పాన్‌కేకుని పొడుచుకుంటూ అడిగింది: "బాగుంది డెల్బర్ట్. పుంజుది ఏ కాలో చెప్పావు. నాది ఏ చెయ్యి?"

కట్టున్న చెయ్యి బల్ల కింద ఉంది. డెల్బర్ట్ ఇటు వంగాడు, అటు వంగాడు.

"అదీ... రాసే ఉంటాను."

"రాశావు, అన్నిటికంటే అడుగున. చెక్కు కాదయ్యా, నిన్న బిల్లే తిరిగొచ్చింది. దెబ్బ ముందుండాలట, కారణం వెనక. మొదటి వరసలో పుంజు కనబడేసరికి బీమావాళ్ల మిషను ఇంకేం చదవకుండా వెనక్కి తన్నింది. అది ఏ కాలితో తన్నిందో దానికీ కోడ్ వేసుకో."

మెర్ల్ నోట్లోని రొట్టె బల్లంతా చిందింది.

డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం రుమాలు ముందుకి లాక్కుని, పెన్ను తీసి, పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె మొహం చూశాడు.

"ఏ చెయ్యి, వెల్డా?"

"కుడిది."

పై వరసలో కుడి మణికట్టు అని రాశాడు. దాని కింద పుంజు. ఆ కింద, ఆమె చెబుతుంటే, దెబ్బ తగిలిన రోజు: అక్టోబరు తొమ్మిది, మంగళవారం.