పై ఇంటి టీవీలో వయొలిన్

మూడో అంతస్తులో వంటిల్లు. ఇంటావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నాలుగో అంతస్తావిడ గుమ్మానికి చేరబడి నిలబడింది.

“...నిన్నా అంతే, వదినగారూ! సీరియల్లో అత్తగారు కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మాయం. టీవీ నిండా వయొలిన్!”

“వయొలినా?”

“వయొలినే. ఎవరో పిల్ల చేతులు, వెనక గోడ. మొహం కనపడదు. ఒకటే పాఠం. సగం దాకా వస్తుంది, తప్పుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.”

“రిమోట్ నొక్కితే పోదా?”

“పోతుంది. రెండు నిమిషాల్లో మళ్ళీ తయారు. సౌండు దానంతటదే పెరుగుతుంది!”

“అసోసియేషన్ ప్రెసిడెంటు గారు, మీరంటే ఈ బిల్డింగులో అందరికీ భయమే అనుకున్నాను. టీవీకి లేదన్నమాట.”

“మీకు వేళాకోళంగా ఉంది. కూర్చోమని కూడా అనలేదు.”

“కుర్చీ జరిపితే చప్పుడవుతుంది కదండీ. లిఫ్టులో నోటీసు పెట్టారుగా.”

“ఎనిమిది నెలల కిందటి మాట! అది మీ ఒక్కరికే పెట్టానా? అందరికీ పెట్టాను.”

“‘సంగీత వాయిద్యాలు నిషేధం’ అని పెట్టారు. అయిదంతస్తుల్లో వాయిద్యం ఉన్నది మా పిల్ల ఒక్కదాని దగ్గరే.”

“సరిగ్గా నా సీరియల్ టైముకి కీచుకీచుమంటుంటే ఏం చెయ్యమంటారు? ఇంతకీ... వాయిస్తోందా?”

“పెట్టె మంచం కింద ఉంది. వయొలిన్ పరీక్ష రోజున నేనే తీసి చేతికిచ్చాను. ‘పైనావిడ తిడుతుందమ్మా’ అని మళ్ళీ లోపలికి తోసేసింది. పరీక్షకి వెళ్ళనే లేదు.”

“పోనీలెండి. చదువు మీద దృష్టి పడుతుంది.”

“ఆఁ. పడుతుంది.”

“నా బాధ అది కాదు. రేపు ఆరింటికి అసోసియేషన్ వాళ్ళంతా మా ఇంటికొస్తున్నారు. నేను చేయించిన పనులన్నీ వీడియో తీయించాను, టీవీలో చూపించాలి. వచ్చే నెలే ఎన్నికలు. అందరి ముందూ ఆ కీచురాగం మొదలైతే నా పరువేం కాను?”

“మెకానిక్కుకి చూపించారా?”

“పొద్దున వచ్చాడు. టీవీ వెనకాల గుచ్చుతాం చూడండి, ఫోన్లో వీడియోని టీవీలో చూపించేది, అది బాగానే ఉందన్నాడు. మన వైఫైలో ఉన్నవాళ్ళు ఎవరైనా వాళ్ళ ఫోన్లోంచి మన టీవీలో ఏదైనా పెట్టొచ్చట. ‘పాస్‌వర్డు మార్చేయండమ్మా’ అని వెళ్ళిపోయాడు.”

“మార్చేయండి మరి.”

“అదే... మార్చాలంటే...”

“మీ వైఫై, మీ పాస్‌వర్డు. అడ్డెవరు?”

“మా ఆయనైతే, ‘అరవకు, దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకో’ అన్నారు.”

“ఇందులో దొంగెవరు?”

“అబ్బ! నా నోటితోనే చెప్పించాలా? మాది... మీ వైఫయే కదా, వదినగారూ.”

“మాదా! కొత్త కనెక్షన్ వచ్చేదాకా, రెండు రోజులకని అడిగారు?”

“రెండు రోజులకే...”

“పోయినేడాది వానాకాలంలో.”

“పెట్టిద్దామనే ఉంది. తీరికేదీ?”

“సరే, అదలా ఉంచండి. ఒక్కటి అడుగుతాను. ఆ నోటీసు తీసేస్తారా? రోజుకి ఒక్క గంట. ఆరింటికి కాకపోతే నాలుగింటికి. మా పిల్ల పెట్టె తెరుస్తుంది.”

“అయ్యో, కుదరదండీ. ఇవాళ మీకు సడలిస్తే రేపింకొకరు డప్పు తెస్తారు. రూలంటే రూలే.”

“రూలంటే రూలే.”

“మీరు అర్థం చేసుకుంటారని నాకు తెలుసు. పాస్‌వర్డు మాత్రం మార్చేయండి. ఎవడో కుర్రకుంక మీది కొట్టేసుంటాడు. పాపం, మీకు ఫోన్లో ఫోటో పంపడమే రాదాయె, మీకెక్కడ తెలుస్తుంది!”

“నిజమే. నాకేం తెలుస్తుంది.”

“మార్చి, ఆ కొత్తది నాకు చెప్పండి.”

“పొద్దున్నే చెప్తాను. రేపు ఆరింటికేగా?”

“ఆరింటికే. మీరూ రండి, ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. వస్తాను, వదినగారూ!”

“మంచిదండీ.”

“...అమ్మా! వెళ్ళిపోయిందా?”

“వెళ్ళింది. తలుపు వెనకాల నక్కి అంతా విన్నావా?”

“నిజంగా పాస్‌వర్డు మార్చేస్తావా?”

“మారుస్తాను. కొత్తది ఆవిడకి చెప్తాను కూడా. చెప్పకపోతే ఆవిడ టీవీ నా ఫోన్లో ఎలా కనపడుతుందే?”

“అమ్మా! రోజూ పెడుతున్నది నువ్వా?”

“ముందు ఆ మంచం కింద పెట్టె తియ్యి.”

“పైనావిడ తిడుతుందమ్మా!”

“తిడితే, తను వాడే వైఫై ఎవరిదో కూడా అందరికీ చెప్పాల్సొస్తుంది. తియ్యమ్మా. ఆ పాత వీడియోలో నువ్వన్నీ తప్పులే వాయించావు. రేపు ఆరింటికి అంతమంది వింటారు!”