మేస్త్రి ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు

అది కాదన్నయ్యగారూ, మీరు పెట్టుకోమన్న ఆ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గేమ్‌తో పాటు గదిలో మాటలు కూడా ఎక్కించుకుంటుందని ఒక్క ముక్క ముందే చెప్పి ఉండొచ్చు కదా. మైకు దానంతటదే ఆన్‌లో ఉంటుందని నాకేం తెలుసు?

అవును, ఆడగొంతే. సరిగ్గానే విన్నారు. తల మీద మేస్త్రి అని పేరు కనిపిస్తోంది, టోపీ మేస్త్రిదే, మాట్లాడేది మాత్రం మేస్త్రి భార్యని. లేదండీ, ఆయన పక్కన లేరు. మీరు ఆ వంతెన మీదే కాస్త నిలబడండి. ఏమీ టైప్ చేయకండి. మీరేదైనా రాశారంటే నాకు మళ్ళీ ఆయనలాగే జవాబివ్వాలనిపిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టను...

ఈ గేమ్‌ని కంపెనీవాళ్ళు నెలాఖరుకి మూసేస్తున్నారు కదా. ఆ కబురు ఆయన ఫోన్‌కి వచ్చింది. మీరు కట్టుకున్నవన్నీ చెరిగిపోతాయి, విచారిస్తున్నాం అని. ఫోన్ నా దగ్గరే ఉంటోంది మరి. ఆయన వర్షాకాలం మొదట్లో పోయారన్నయ్యగారూ.

ఆ. అదే. అదే చెబుతున్నాను.

లిఫ్టులు బాగుచేసేవారని మీకు చెప్పే ఉంటారు. ఆ రోజు మేడ పైన మోటారు గదిలో పని చేస్తూ చేస్తూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయారట. గుండె. కింద జనం బటన్ నొక్కుతూనే ఉన్నారట, ఇంకా రాదేమిటని విసుక్కుంటూ.

మీకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఎలా చెబుతాం? ఇన్నేళ్ళ స్నేహంలో మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మిమ్మల్ని ఆయన గుడ్లగూబ అనేవారు. అన్నం తింటూ కూడా, గుడ్లగూబ ఈవేళ చెరువు తవ్వాడు అని మురిసిపోతూ చెప్పేవారు. ఆ పేరు పట్టుకుని మిమ్మల్ని ఏ ఊళ్ళో వెతకను?

చెరిగిపోతుందని చదివాక మాత్రం నాకు నిలకడ లేకపోయింది. పాప చిన్నది. మేముండే ఇల్లు అద్దెది. వాళ్ళ నాన్న స్వయంగా కట్టినదేదైనా దానికి చూపించాలంటే ఇదొక్కటే ఉంది. చెరువు గట్టు, ఈ వంతెన, ఆ గడియార స్తంభం, అన్నీ ఆయన చేతివి. మీ చేతివీను. చెరిగేలోపు ఆయన పేరుతోనే లోపలికొచ్చి, ఎలాగోలా వీడియో తీసి దాచాలి. అంతే నా ఉద్దేశం. ఒట్టు.

కంప్యూటర్ నాకు కొత్త కాదు, పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూసేది నేనే. కానీ ఈ రికార్డింగుల గొడవ నాకేం తెలుసు? ఇంటర్నెట్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మొదట దొరికింది ఉచితమే, చిన్నది. తీరా చూస్తే వీడియో నడిమధ్య వాళ్ళ కంపెనీ ముద్ర. ఆయన బొమ్మ ఎటు తిరిగినా మొహం మీద ఆ ముద్రే. రెండోది కాసేపు తీసి ఆగిపోయి, మిగతాది కావాలంటే కొనుక్కోమంది. మూడోది మొదలెట్టగానే మా పాత కంప్యూటర్ ఉక్కిరిబిక్కిరైపోయింది. మేస్త్రి ఒక అడుగు వేయడం, నిలబడిపోవడం, ఆలోచించుకున్నట్టు ఇంకో అడుగు వేయడం. ముసలివారైతే ఎలా నడిచేవారో అలా. ఆ వీడియో చెరిపెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

ఇంకోటి చెప్పనా, కీబోర్డు వదిలేస్తే ఆయన బొమ్మ ఊరుకోదు. చేతులు దులుపుకుంటుంది, అటూ ఇటూ చూస్తుంది. గేమ్‌లో అందరి బొమ్మలూ అంతేనని తెలుసు. అయినా స్టవ్ మీద పాలు దించి వచ్చేసరికి, ఇంకా ఎవరికోసమో చూస్తూ నిలబడి ఉంటే ప్రాణం ఉసూరుమనేది.

అలాంటప్పుడే కదా మీరొచ్చారు.

వంతెన కింద ఆయన్ని నిలబెట్టి నేను సెట్టింగులతో కుస్తీ పడుతున్నాను. మీరెక్కడినుంచో పరిగెత్తుకొచ్చి ఆయన చుట్టూ గెంతారు. ‘ఒరేయ్ మేస్త్రీ, వచ్చావా? ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ’ అని రాశారు.

మీ తప్పేం లేదు. అందరూ అనే మాటే.

నేనేం రాశానో మీకు తెలుసు. ఒంట్లో బాలేదురా, ఇప్పుడు నయం అని.

మిమ్మల్ని రా అన్నది నేనే. పెద్దవారో చిన్నవారో కూడా తెలియదు. మీ ఇద్దరి పాత మాటలు పైకి జరిపి చూసి, ఆయన ఎలా రాసేవారో అలాగే రాశాను. ఆ మర్నాడూ వచ్చాను. తర్వాత ఇక రావడం అలవాటైపోయింది. వీడియో తీయాలి, కొత్తవాళ్ళకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగితే మీరు, నాకన్నీ నేర్పినవాడివి నన్నడుగుతున్నావేంట్రా, జ్వరం బుర్రకెక్కిందా అన్నారు. దొరికిపోయాననుకున్నాను. మీరు మాత్రం ఓపిగ్గా చెప్పారు. తీయడానికి ఒకటి, కత్తిరించడానికి ఒకటి వేరువేరుగా పెట్టుకో, రెండూ ఒకదాంట్లోనే కావాలని దేవులాడకు అన్నారు. ముద్ర వేయనిది, పాత సిస్టమ్ మీద బరువు పడనిది చూసి చెప్పారు. స్క్రీన్ మొత్తం కాదు, గేమ్ విండో ఒక్కటే ఎంచుకో, లేకపోతే మీ ఆవిడ పంపే మెసేజీలు కూడా వీడియోలో పడతాయి అని ఎగతాళి చేశారు.

నవ్వానన్నయ్యగారూ. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

తీయడం బాగానే కుదిరింది. కత్తిరించే దగ్గరే వచ్చింది చిక్కు. పాపకి చదవడం వచ్చేసింది. మీ మాటలకి మేస్త్రి ఇచ్చిన జవాబులు అది చూస్తే ఏమనుకుంటుంది? అందుకని మీరు రాసిన చోటల్లా కత్తెర వేశాను. వేస్తే మీరు మాయమైపోతున్నారు. వంతెన మీద ఉంటారు, అంతలో ఉండరు, మళ్ళీ చెరువు గట్టున తేలతారు. ఆయన మాత్రం నింపాదిగా నడుస్తున్నారు. పోయిన మనిషి నిక్షేపంగా ఉన్నాడు, బతికున్న మీరేమో దెయ్యమైపోయారు.

సరే, అది కూడా ఓర్చుకున్నాను. మాటల సంగతి బయటపడింది నిన్న.

అప్పటిదాకా పాప చదువుకుంటోందని స్పీకర్లు కట్టేసే కత్తిరించాను. నిన్న అది స్కూలుకి వెళ్ళాక పెట్టి విన్నాను. పిట్టల కూతలు, నీళ్ళ చప్పుడు, ఆయన అడుగులు. వాటి మధ్య నేను.

‘ఇటా? సరే, ఇటే పదండి.’ కాసేపు ఏమీ లేదు. ‘అదెందుకంత ఎత్తు కట్టారు?’ మళ్ళీ ఏమీ లేదు. ‘మీరు చెబితే నేనెప్పుడు కాదన్నాను.’

నాకు ఒక్క మాటా గుర్తులేదన్నయ్యగారూ. పెదవి కదిపిన సంగతి కూడా తెలియదు. అన్ని రికార్డింగుల్లోనూ ఉంది. మధ్యలో ఆ ఖాళీలున్నాయే, అవి ఒట్టి ఖాళీల్లా లేవు. అవతలి మనిషి ఎంతసేపు చెబుతాడో అంతసేపున్నాయి. ఆయన మాట కాస్త సాగదీసేవారు, ఖాళీ కూడా అలాగే సాగింది. ఒకచోట పకపకా నవ్వాను. దేనికి నవ్వానో వినాలని సౌండ్ పెంచాను, చెవి స్పీకరుకి ఆనించాను. ఫ్యాన్ తిరుగుతోంది, అంతే.

ఒకదాంట్లో పాప గొంతుంది. ‘అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్?’

‘నాన్నతో’ అన్నాను.

‘నాక్కూడా ఇవ్వు’ అంది.

ఫోన్ అడిగినట్టు అడిగిందండీ.

నిన్న సాయంత్రం పాప మామూలుగానే వచ్చింది, బూట్లు విప్పింది, పాలు తాగింది. కానీ ఈ కుర్చీ వైపు ఒకసారి చూసి పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది. ఎవరో కూర్చుని ఉంటే ఒదిగి వెళ్తామే, అలా. అది చూశాకే, మీకు చెప్పెయ్యాలని ఇవాళ గేమ్‌లో మైకు నొక్కాను. ఆయన బతికున్నారని నమ్మే మనిషి లోకంలో మీరొక్కరే. ఆ నమ్మకం పట్టుకుని నేను వేలాడుతుంటే, దాని గాలి పిల్లకి సోకుతోంది.

కూర్చున్నారా? వంతెన మీదే కూర్చున్నారే. సరే, కూర్చోండి.

అవునండీ, గడియార స్తంభానికి పైకప్పు మీతో కలిసి వేసింది కూడా నేనే. వంకరగా వచ్చింది. మీరేమీ అనలేదు. జబ్బుపడి లేచినవాడని ఊరుకున్నారేమో.

మిమ్మల్ని మోసం చేద్దామని కాదన్నయ్యగారూ. ఆయన పోయాక గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరూ ఎలా పోయాడు, చివరగా ఏమన్నాడు, అవే అడిగారు. వచ్చావా అని అడిగింది మీరొక్కరే. ఆ మాట చూడగానే ఒక్క క్షణం నాక్కూడా, వచ్చారేమో అనిపించింది. కాదని ఎలా రాయను?

ఏమిటీ? చెయ్యి ఊపుతారా? ఆయనకా?

ఊపండి. ఇక్కడ కీ నొక్కితే ఆయనా ఊపుతారు. అదిగో. నొక్కుతున్నది నేనని మరిచిపోయి చూడండి. వేలు ఉంచినంతసేపూ ఊపుతూనే ఉంటారు.

చాలనిపించినప్పుడు మీరే వెళ్ళిపోండి. నా అంతట నేను ఈ వేలు తీయలేను.