మేస్త్రి కిటికీలోంచి సముద్రం

మేస్త్రి అబద్ధాలాడతాడని ఎవరూ అనరు. ఉన్న నిజం మీద ఇంకో అంతస్తు వేస్తాడు, అంతే.

ఆ పొద్దున టీకొట్టు బల్ల మీద అతని ఎదురుగా రిటైరైన నర్సమ్మ ఒకావిడ కూర్చుంది. సముద్రం పక్క దిబ్బ మీద అతను బాగుచేసిన ఇల్లు అద్దెకు తీసుకోవాలో వద్దో ఆమె ఎక్కాల్సిన పదింటి బస్సు వచ్చేలోపు తేల్చుకోవాలి. ఆమెకు నాలుగు ఆవులు, వాటికి మేత కావాలి. మేస్త్రికి ఇంట్లోకి మనిషి కావాలి. రెండేళ్లుగా చూడ్డానికి వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతున్నారు. ఎందుకని అడిగితే, వాళ్లకి గాలి పడలేదంటాడు. ఈసారీ ఎవరూ దిగకపోతే నువ్వే వెళ్లి ఆ ఇంట్లో ఉండు, వంట కూడా అక్కడే చేసుకో అని భార్య చెప్పి పంపింది.

మొదలు మర్యాదగానే పెట్టాడు. అది తాతల నాటి పశువుల కొట్టమట. మూడు నెలల్లో ఒంటిచేత్తో ఇల్లు చేశాడట. నేలకు పలకలు, వంటింట్లో కుళాయి, స్నానాలగదిలో వేణ్ణీళ్లు, సముద్రం వైపు గోడకి మంచమంత గాజు కిటికీ. ఒంటిచెయ్యి సంగతి తప్ప మిగతాదంతా నిజమే. గాజు మోసిన రెండో చెయ్యి దర్జీది, అతను పక్క బల్ల మీదే ఉన్నాడు.

తర్వాత గడ్డి దగ్గరికొచ్చాడు. ఎంత ఏపుగా పెరుగుతుందంటే, మేసేకొద్దీ ఆవు వెనక మళ్లీ మొలుస్తుందట. ఒకసారి ఆవొకటి అందులో తప్పిపోయింది. వెతకబోయి మేస్త్రీ తప్పిపోయాడు. చివరికి ఆవే అతన్ని ఇంటికి తోలుకొచ్చిందట.

"అది మాత్రం నమ్ముతాను బావా," అన్నాడు దర్జీ.

"నవ్వు. ఆ తర్వాత ఏమైందో తెలిస్తే నవ్వవు. అలసిపోయి మంచం మీద వాలానా, కిటికీలో ఓడ. ఓడ మీద వంటవాడు. వాడి పొయ్యి మీద కూర మాడుతోందమ్మా, వాసన రాలేదు గానీ రంగు తెలుస్తోంది. ఉండబట్టలేక ఒక్క కేక వేశాను. వాడు గిన్నె దించి నాకు దణ్ణం పెట్టాడు. ఇంకా పైకి చూశానా, అవతలి ఒడ్డు. ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. మనవైపు మబ్బు అటే పోతోంది. అమ్మా, బట్టలు తియ్యమని సైగ చేశాను. తీసింది. ఒక్క చీర మర్చిపోయింది. దాని గురించి నాకిప్పటికీ బాధే."

నర్సమ్మ టీ చివరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"నేను తెల్లారే మొదటి బస్సుకే వచ్చాను మేస్త్రిగారూ. తాళంచెవి మీ ఆవిడ ఇచ్చింది. ఆ గదిలో అరగంట కూర్చున్నాను, కాసేపు నిలబడ్డాను. ఒక మబ్బు, రెండు కాకులు కనబడ్డాయి. కిటికీ నా తలకంటే మూరెడు పైన ఉంది. దాని కింద గోడలో వరసగా కర్రలు దూర్చిన రంధ్రాలున్నాయి, ఇంకా పూడ్చలేదు. ఒక్కటి చెప్పండి. కిటికీకి గుర్తు పెట్టినప్పుడు మీరు నేల మీద నిలబడ్డారా, ఆ కర్రలతో కట్టిన పరంజా మీదా?"

దర్జీ టీ గుటక మింగకుండా ఆగాడు. మేస్త్రి ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు, దించాడు.

"పరంజా మీదేనమ్మా. అక్కణ్ణించి సముద్రం ఎంత బావుందో. పరంజా విప్పి కిందికి దిగాక చూస్తే, లేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల గోడలు కొలిచినవాణ్ణి, మా ఇంటి దగ్గరికొచ్చేసరికి కాళ్ల కింద ఏముందో చూసుకోలేదు."

అతను చెప్పిన మాటల్లో కొలిచి చూడకుండా నమ్మగలిగింది అదొక్కటే. బయట పదింటి బస్సు హారన్ కొట్టింది. నర్సమ్మ లేవలేదు.

"గడ్డి బావుంది. ఇల్లు తీసుకుంటాను. ఆ కిటికీ కింద లోపలివైపు ఎత్తుగా ఒక అరుగు కట్టండి, మెట్లతో సహా. కొలత మాత్రం నేను చెబుతాను, మీరు టేపు పట్టుకుంటే చాలు."