అలిక్ పేరుకి నల్లదారం

ఆగండి. తలుపు తట్టకండి, ఆ కిటికీ పక్కనే నిలబడి వినండి. స్కాట్లండ్ తీరంలో జాలర్ల ఊరు, ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న రోజులు. లోపల పన్నెండేళ్ల ఎఫీ, వాళ్లమ్మ గ్రిజెల్, ఇద్దరి మధ్యా ఓ కుట్టుగుడ్డ. ఇంటిల్లిపాది పేర్లూ పొడి అక్షరాల్లో దాని మీద ఉన్నాయి. బతికున్నవాళ్లవి పచ్చదారంతో, పోయినవాళ్లవి నల్లదారంతో.

"విప్పు."

"విప్పను."

"ఎఫీ, నాకు ఓపిక లేదు. మీ అన్న పేరు విప్పేసి నల్లగా కుట్టమన్నా. ఎన్నిసార్లు చెప్పాలే?"

"నాన్నది కుట్టాను. నాయనమ్మది కుట్టాను. ఈ గుడ్డ ఇప్పటికే సగం శ్మశానంలా ఉంది. అలిక్ అన్నది కుట్టను."

"పడవ మునిగింది."

"పడవ దొరికింది. అన్న దొరకలేదు."

"సముద్రం అందర్నీ తిరిగిచ్చేస్తుందేంటే?"

"మరి నువ్వేం ఏడవలేదే? నాన్న పోతే గోడకి తల బాదుకున్నావు. అన్న పోతే గాలాలకి ఎర గుచ్చుకుంటూ కూర్చున్నావు."

"గుచ్చకపోతే నీకు తిండెవరు పెడతారు?"

"తిండంటే గుర్తొచ్చింది. కుండలో జావ తెల్లారేసరికి సగం ఉండట్లేదు. ఎవరు తాగుతున్నారు?"

"ఎలకలు."

"మన ఎలకలు చెంచాతో తాగుతాయా? ఎంగిలి చెంచా నేనే కడిగా."

"నోర్ముయ్. సూది పట్టుకో."

"పోయిన చెల్లి, ఆ చంటిదాని పేరు నువ్వే కుట్టావుగా, వంకరటింకరగా. ఇదీ నువ్వే కుట్టుకో."

"నా చేత్తో కుట్టను."

"బతికున్నవాళ్ల పేరు నల్లగా కుడితే ఏడాది తిరక్కుండా పోతారని నువ్వేగా చెప్పావు? ఇప్పుడు నా చేత్తో అన్నని చంపిస్తావా?"

"ఇంకో మాటన్నావంటే చెంప పగుల్తుంది."

"పగలగొట్టు. అయినా కుట్టను."

"అరవకు... అరవకే. ఇటు రా. రేవులో ఏముంది?"

"రాజుగారి ఓడ. నెల్నాళ్లుగా తీరం వెంటే తిరిగి, నిన్న మన రేవుకొచ్చింది."

"అందులోవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. పడవ నడిపే మగాడు కనిపిస్తే చాలు, కట్టేసి యుద్ధానికి ఎక్కించేస్తున్నారు. కొడుకు మునిగిపోయాడని కిందవీధి జోనెట్ ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. ఇల్లంతా వెతికి లాక్కుపోయారు. తల్లి మాట ఎవరూ నమ్మరు. చెల్లెలు కుట్టి గోడకి తగిలిస్తే నమ్ముతారు."

"అమ్మా... అన్న..."

"అటక వైపు చూడకు. నీకు తెలిస్తే నీ మొహమే చెప్పేస్తుందని దాచాను."

"ఇన్నాళ్లూ నన్ను ఉత్తినే ఏడిపించావా? రోజూ రేవుకెళ్లి ఎదురుచూశానే, ఊళ్లోవాళ్లంతా నన్ను చూసి జాలిపడ్డారే. నువ్వసలు అమ్మవేనా?"

"తర్వాత తిట్టుకో. పక్కింట్లోకి దూరారు, బూట్ల చప్పుడు వినపడట్లేదా? కుట్టు."

"మరి నల్లగా కుడితే పోతారన్నది? అదీ అబద్ధమేగా?"

"ముందు ఈ నల్లదారం అందుకో."

"అబద్ధమేగా అమ్మా? చెప్పు. అబద్ధమైతే నువ్వే కుట్టొచ్చుగా?"

"చంటిదానికి జ్వరమొచ్చినప్పుడు, ఇక దక్కదని, ఊపిరుండగానే దాని పేరు నల్లగా కుట్టేశాను. తెల్లారకుండానే పోయింది. మళ్లీ ఆ దారంతో నా చేత్తో కుట్టలేనే, ఎఫీ."

తలుపు మీద దెబ్బ పడింది. పచ్చదారం ఇంకా ఎఫీ సూదిలోనే ఉంది, నల్లది అమ్మ చాచిన చేతిలో ఉంది. మీరైతే ఏ దారంతో కుడతారు?