కొల్లేటి నీళ్ళ రుచి

చైత్రం ఎండలకి కొల్లేట్లో నీరు సగానికి తీసింది. లంకలో బడికి ఏలూరు నుంచి కొత్తగా వచ్చిన మేష్టారు తాటిదోనెలో కూర్చున్నారు. గెడ వేస్తున్న ముసలాయన మాటిమాటికీ దోనె ఆపి, మేష్టార్ని గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని రుచి చెప్పమంటున్నాడు.

“ఇక్కడెలా ఉన్నాయండి మేష్టారూ?”

“చప్పగానే ఉన్నాయి. ఇది మూడోసారి! అసలెందుకు తాతా?”

“ఈ రోజుల్లో ఉప్పుటేటి మీదుగా సముద్రపు నీరు ఎగదన్నుద్దండి. ఉప్పు తగిలితే కొర్రమీను చప్పనీళ్ళలోకి పోద్ది. అదెక్కడో చూసుకుని వలలేస్తామండి.”

“ఆ రుచి నువ్వే చూడొచ్చుగా?”

“కొత్త నాలికైతే బాగా చెబుద్దండి.”

“అదేంటి! నీ నాలిక్కి తిరుగులేదనీ, ఊరంతా నీ మాట మీదే వలలేస్తుందనీ రేవులో చెప్పారే?”

ముసలాయన గెడ బురదలో గుచ్చాడు.

“మాఘంలో జొరం తగిలిందండి. లేచిన కాడ్నుంచీ చింతపండుకీ బెల్లానికీ తేడా తెలవట్లేదు. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. తెలిస్తే ఇంక నన్నెవరడుగుతారండీ?”

“మరి మొన్న చేపలు బాగా పడ్డాయన్నారుగా?”

“మొన్న దోనెక్కిన గాజులాయన చెప్పాడండి. ఎందుకడిగానో ఆయనకీ తెలీదు. ఇయ్యాళ మీరు చెప్పిన చోటే వేయమంటానండి.”

మేష్టారు వంగి దోసిలి ముంచారు. కళ్ళు మూసుకుని, ఆ నీళ్ళని నాలిక మీద చాలాసేపు నిలిపారు.

“ఇందాక విసుగుపుట్టి చప్పగా ఉన్నాయనేశాను తాతా. ఉప్పు తగులుతోంది. ముందుకు పోనీ, మళ్ళీ చూస్తాను.”