మికేస్ వేళ్ళు

కాలిమ్నోస్ దీవిలో డాక్టర్ ఫొకియోన్ గది. స్పాంజి కోసం సముద్రంలో మునిగే మికేస్ జబ్బుతో చనిపోయి నేటికి నలభై రోజులు. అతని భార్య స్మరాగ్ద వచ్చింది. డాక్టరుగారు తలెత్తలేదు.

"రోగమైతే కూర్చో స్మరాగ్దా. కాకపోతే రేపు రా. రాసుకుంటున్నాను."

"రాసుకోండి. మా ఆయన నలభయ్యో రోజుకి పంచే ఉడికించిన గోధుమలు తెచ్చాను, నోట్లో వేసుకుందురుగాని. ఈ చీటీలు కాస్త జరపనా?"

"వాటి జోలికి పోకు."

"మందుల చీటీలే కదా."

"వెనక్కి తిప్పి చూడు. నా కొత్త నవల. అయినా నీకు చదువు రాదు, నీతో ఏం చెప్తాం."

"మా ఆయన అనేవాడు, డాక్టరు రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు, మునిగేది మాత్రం మనమే అని."

"ఇది బాగుంది. ఉండు, రాసుకోనీ... మునిగేది మాత్రం... ఊఁ. మీ నోళ్ళలో ఇలాంటివి వృథాగా పోతాయి. ఈ ఊళ్ళో నా పుస్తకం కొన్నది ముగ్గురు. అందులో ఒకడు చేపలు చుట్టడానికి కొన్నాడు."

"నాలుగోదాన్ని నేను. ఇదిగో. మా చెల్లెలి కూతురు చదివి వినిపించింది. ఇందులో సోతిరిస్ మా ఆయనే కదూ?"

"నువ్వూ వచ్చావూ? రొట్టెలవాడు కూడా ఇలాగే పోట్లాటకొచ్చాడు, నా ముక్కు నీ పుస్తకంలో ఎందుకని. పాత్ర వేరు, మనిషి వేరు."

"పోట్లాటకి రాలేదు. అచ్చం ఆయనే. ఆ పేజీ మీ గొంతుతో వినాలని వచ్చాను."

"అలా చెప్పు మరి. ఏదీ... 'సోతిరిస్ వేళ్ళ కొసలు డోలు పుల్లల్లా ఉబ్బి ఉన్నాయి. గోళ్ళు చెంచా వీపులా గుండ్రంగా తిరిగాయి. మూడు మెట్లెక్కి గోడ పట్టుకున్నాడు. రుమాలులోకి దగ్గి, చూడకుండా మడిచాడు.' ఏథెన్స్‌లో ఈ ఒక్క పేజీకే బహుమతి ఇచ్చారు. ఇంత చూపున్న కన్ను దేశంలో లేదన్నారు."

"కల్పించారా, చూసి రాశారా?"

"కల్పించడమా? అది కళ్ళులేని వాళ్ళ పని. నీ మొగుడు నువ్వున్న చోటే కూర్చున్నాడు, ఆ చేతులు ఈ బల్లమీదే. అతను గడప దాటకముందే చీటీ తిప్పి రాసేశాను."

"ఎప్పుడు?"

"మూడేళ్ళ కిందట, ఈస్టర్ అయ్యాక, పడవలు బయలుదేరే వారం. వందమంది వరసలో ఉన్నారు, అందరికీ సంతకాలు. గాడిద చాకిరీ. ఆ రోజు మొత్తానికి నాకు పనికొచ్చినవాడు అతనొక్కడే."

"తారీకు?"

"రాసిన ప్రతిదానికీ వేస్తాను. ఇదిగో, అధ్యాయం కింద అచ్చు కూడా వేయించాను. ఏప్రిల్ పంతొమ్మిది. ఎందుకు?"

"పిరయస్ ఆసుపత్రిలో డాక్టరు ఆయన వేళ్ళు చూసి, ఇవి ఇలా ఎప్పటినుంచి అన్నాడు. ఈ మధ్యేనేమో అన్నాను. నాకేం తెలుసు? ఊపిరితిత్తిలో గడ్డ అన్నాడు. మూడేళ్ళ ముందు తెస్తే కోసి తీసేవాళ్ళం అన్నాడు. ఆ వేళ్ళ గుర్తు వైద్యం చదివే పిల్లలకి మొదటి ఏడాదే చెప్తారట."

"పిరయస్ వాళ్ళకి... మాటలెక్కువ."

"తినండి, ఆపేశారేం? ఈ కాగితం కూడా చదివి పెట్టండి. ఆయన పెట్టెలో దొరికింది."

"ఇది రేవు ఆఫీసు కాగితం. దీనికి టైం లేదు నాకు."

"చదవండి. నాకు రాదు కదా."

"'మికేస్... గుండె, ఊపిరితిత్తులు శుభ్రం. మునగవచ్చు.'"

"కింద?"

"నా సంతకం."

"దాని పక్కన?"

"...ఏప్రిల్ పంతొమ్మిది. ఆ ఏడాదే."

"ఒకే రోజు, ఒకే బల్లమీద, ఒకే చేత్తో రెండూ రాశారు. ఈ రెండింట్లో కథ ఏదో చెప్పండి, డాక్టరుగారూ."