పెద్ద క్లాంపు

సోమవారం ఉదయం ఏడున్నరకు కేరళలోని పాలా ఊళ్లో ఒక ఇంట్లో కొత్త భోజనాల బల్ల నిలువునా రెండుగా విడిపోయింది. పలకలు జిగురుతో అతికించి, క్లాంపులతో బిగించి దాన్ని సొంతంగా చేసుకున్న రిటైర్డ్ బస్సు డ్రైవరు, కొట్లు తెరవగానే ఇనుప సామాన్ల కొట్టుకు వచ్చాడు. కొట్టు నడిపేది ఒక స్త్రీ.

“మోళే, తల్లీ, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్ద క్లాంపులియ్యి. తింటున్న పుట్టూ శనగల కూరా నా ఒళ్లో పడ్డాయి.”

“అయ్యో అన్నా! పోయిన నెల తీసుకెళ్లినవి ఏమయ్యాయి చేట్టా?”

“వాటికి బలం చాల్లేదు. పిడికి ఇనుప గొట్టం తొడిగి, వేలాడి మరీ బిగించాను.”

“వేలాడారా? అది బస్సు చక్రం బోల్టు అనుకున్నారా? జిగురు బయటికొచ్చిందా?”

“ధారకట్టింది. గుడ్డతో తుడుస్తూనే ఉన్నాను.”

“ఉన్న జిగురంతా పిండేసి తుడిచేశారా! ఇంక చెక్కల్ని పట్టుకోడానికి ఏం మిగిలింది? జిగురు అంచున సన్నటి పూసల్లా కనబడగానే బిగించడం ఆపెయ్యాలి. మీకు పెద్దవి అమ్మను.”

“సరుకు అమ్మనంటావా? ఇదేం వ్యాపారమే!”

“అలాగే బిగించి ఇంకేమైనా చేశారా?”

“మనవరాలికి ఉయ్యాల తొట్టి.”

“దాని అడుగు?”

“రెండు పలకలు… అతికించాను.”

“పాప ఎక్కడుంది?”

“అందులోనే. నిద్రపోతోంది.”

“చేట్టా, ఫోన్ చెయ్యండి. ముందు ఫోన్ చెయ్యండి!”

“ఏమే, పాపను తొట్టిలోంచి తియ్యి. ఎందుకని అడక్కు, తియ్యి!” అన్నాడాయన ఫోన్లో భార్యతో.

“తీశారా?”

“తీసింది. ఏడుపు వినబడుతోంది.”

“ఇప్పుడు ఆ అడుగు నొక్కి చూడమనండి.”

ఆయన భార్య బొటనవేలితో నొక్కింది. పలకలు రెండూ విడిపోయాయి.